ఇరవై ఏడు డిగ్రీల చోటు

గంజి వార్చేటప్పుడు మొహానికి కొట్టే ఆవిరి ఎంత వేడిగా ఉంటుందో మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఆ పొద్దున కూడా మూత అదిమిపట్టుకుని వారుస్తున్నాను. ముందుగదిలో మా ఆయన యెహెజ్కేలు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. "మా ఆవిడాండీ? కడియంలో నర్సరీకి వెళ్తాదండి. ఏముందండీ, మొక్కలకి నీళ్ళు చల్లుతాది" అంటున్నాడు. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. నా పని గురించి ఆయనకి తెలిసింది అంతే. పద్నాలుగేళ్ళుగా వెళ్తున్నాను కదా, ఏం చేస్తావని ఒక్కసారైనా అడిగి ఉంటే ఇంకొంచెం తెలిసేది. అన్నం మీద మూత పెట్టి, పప్పులో పోపు వేసి, ఆయన ఆటోలోకి మంచినీళ్ళ సీసా పెట్టి, అత్తయ్యకి కాఫీ ఇచ్చి, నా కేరియరు కట్టుకుని బయల్దేరాను. ఆరున్నరకల్లా షెడ్డులో ఉండాలి.

మాది రేకుల ఇల్లు. ముందుగది ఒకటి, దాని వెనక ఒక గది, ఆ వెనక గోడకి ఆనించి దించిన చూరు కింద వంట. మార్చి నెల వచ్చిందంటే పదింటికే రేకు కాలి, సాయంత్రం ఏడింటిదాకా ఆ సెగ దించుతూనే ఉంటుంది. ముందుగదిలో కూలరుంది. అది అత్తయ్య మంచం వైపు తిరిగి ఉంటుంది, మా ఆయన ఇంట్లో ఉంటే ఆయన వైపు తిరుగుతుంది. ఒకసారి వంటింటి గుమ్మం వైపు తిప్పాను. "నువ్వు అటూ ఇటూ తిరిగేదానివి కదమ్మా, గాలి నీకు ఎక్కడ నిలుస్తాది, వృథా" అంది అత్తయ్య. కోపంగా కూడా అనలేదు. కూలరు వాటర్ ట్యాంకు నింపే పని మాత్రం నాదే. రోజుకి నాలుగు బిందెలు.

దీనికి తోడు నా ఒంటి సంగతొకటి. నాకు నలభై ఆరు. నెలసరి దారి తప్పి ఏడాది దాటింది. ఉన్నట్టుండి గుండెల దగ్గర ఒక సెగ పుట్టి, మెడ మీదుగా మొహానికి పాకి, చెమటతో జాకెట్టు ఒంటికి అంటుకుపోతుంది. రెండు నిమిషాల తర్వాత ఒళ్ళు చల్లబడి వణుకు వస్తుంది. ఎప్పుడు వస్తుందో తెలియదు. ఊరి ఆస్పత్రిలో నర్సమ్మ, అందరికీ వచ్చేదే, చల్లగా ఉన్నచోట ఉండమ్మా అని చెప్పి పంపింది. అత్తయ్యకి చెబితే, మేం పడలేదా, ఎవరికైనా చెప్పుకున్నామా అంది. మా ఆయన మాత్రం నవ్వుతూ, "నీ పక్కన పడుకుంటే పొయ్యి పక్కన పడుకున్నట్టుందే" అని చాప తీసుకుని ముందుగదిలో కూలరు దగ్గరికి వెళ్ళిపోయాడు. పిల్లలిద్దరూ కాకినాడలో హాస్టళ్ళలో ఉండి ముందుగదిలో చోటు ఖాళీ కాబట్టి ఆ చాప మళ్ళీ వెనక్కి రాలేదు. నాకు దాని గురించి ఏడుపేమీ రాలేదు. ఏడుపు రాలేదే అని మాత్రం ఏడుపొచ్చింది.

చల్లగా ఉన్న చోటంటే నాకు తెలిసింది ఒక్కటే, భీమరాజు గారి నర్సరీలో బ్రొమీలియాడ్ల షెడ్డు. ఆ పేరు పలకలేక మేమందరం గిన్నె మొక్కలు అంటాం. ఆకులన్నీ చుట్టూ పేర్చినట్టు వచ్చి నడుమ గిన్నెలా ఏర్పడుతుంది. ఆ గిన్నెలో కొంచెం నీళ్ళుండాలి, మొక్క తాగేది అక్కడే. నడుమలోంచి ఎర్రగా, పసుప్పచ్చగా పువ్వులాంటిది లేచి నెలల తరబడి నిలబడుతుంది. ఎక్కడివో వాన అడవుల మొక్కలంట. పెద్ద ఊళ్ళలో ఆఫీసుల్లో, హోటళ్ళలో పెట్టుకోవడానికి లారీల మీద వెళ్తాయి. మన ఎండకి ఇవి ఒక్క పూట బతకవు. అందుకని భీమరాజు గారు వీటికి ప్లాస్టిక్ కప్పుతో పెద్ద షెడ్డు వేయించారు. ఒక పక్క గోడంతా తడి అట్టల పలకలు, వాటి మీద నీళ్ళు జారుతుంటాయి. ఎదుటి పక్క మనిషెత్తు ఫ్యాన్లు ఆ తడిలోంచి గాలిని లాగుతాయి. పైన పొగమంచులా నీళ్ళు చిమ్మే గొట్టాలు, ఆ పైన నీడ కోసం నల్ల వల. కరెంటు పోతే జనరేటరు.

ఆ మొక్కలకి ఇరవై ఏడు డిగ్రీలు సుఖం. మిట్టమధ్యాహ్నం ముప్ఫై దాకా ఓర్చుకుంటాయి. అది దాటి రెండు మూడు గంటలు నిలిచిందంటే ఆకు అంచులు చుట్టుకుంటాయి. డిసెంబరు తెల్లవారుజామున పదిహేనుకి దిగితే ఆకు మీద మచ్చలు. గాలిలో తేమ అరవై శాతానికి తగ్గితే ఆకుల కొసలు ఎండి గోధుమ రంగుకి తిరుగుతాయి. ఎనభైకి పోయి అక్కడే ఉండిపోతే బూజు. వీటి మధ్యలో ఎప్పుడు ఏ ఫ్యాను వెయ్యాలి, ఏ గొట్టం ఎంతసేపు వదలాలి, వల ఎప్పుడు లాగాలి, ఇదంతా నేను చూసేదాన్ని. మొదట్లో థర్మామీటర్లు చూసి చేసేదాన్ని. ఒకటి మామూలుది, తేమ తెలియడానికి ఒకటి తడిగుడ్డ చుట్టింది. తర్వాత తర్వాత వాటితో పని లేకుండా పోయింది. తలుపు తీసి లోపల అడుగుపెడితే మోచేతి కింద చర్మానికే తెలిసిపోయేది. అయినా రోజుకి నాలుగుసార్లు తలుపు పక్కన పలక మీద సుద్దతో వేడి ఎంత, తేమ ఎంత అని రాసేదాన్ని. పదో తరగతి చదివిన నా చేతిరాత ఈ లోకంలో కనిపించే చోటు ఆ పలక ఒక్కటే.

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆదివారం వస్తుందంటే నాకు దిగులు. ఇంటెడు బట్టలు, చికెను కూర, గుడి. గుడిలో మగవాళ్ళ వైపు నాలుగు ఫ్యాన్లుంటే మా వైపు రెండు. పాస్టరు అయ్యగారి ప్రసంగం నడుస్తుంటే నాకు సెగ వచ్చేది. పక్కనున్నవాళ్ళు పరిశుద్ధాత్మ కదిలించిందనుకునేవాళ్ళు. సోమవారం పొద్దున షెడ్డు తలుపు తీసి, ఆ తడి గాలి మొహానికి తగిలితే అప్పటికి ఊపిరి తీసుకునేదాన్ని. లోపలుండగా సెగ వస్తే తడి పలకల దగ్గరికి వెళ్ళి నిలబడేదాన్ని, పోయేది. ఎవరూ చూసేవాళ్ళు లేరు, ఏమైందని అడిగేవాళ్ళు లేరు. ఆ షెడ్డు నా కోసం కట్టింది కాదని తెలుసు. అయినా నా ఒంటికి సరిపోయేలా ఈ భూమ్మీద ఎవరైనా ఏదైనా కట్టారంటే అది అదే.

ఫిబ్రవరి నెలాఖర్లో సుప్రియ అనే ఇంజనీరమ్మాయి రాజమండ్రి నుంచి వచ్చింది. షెడ్డుకి ఆటోమేటిక్ మిషను పెడతారంట, దానంతటదే ఫ్యాన్లు వేస్తుందంట, ఆపుతుందంట. అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. మంచి పిల్ల. భీమరాజు గారిని ఏదో అడిగితే ఆయనకి తెలియలేదు. "అదిగో, కృపారాణిని అడగండి మేడం, లోపల ఉండేది ఆవిడే" అన్నారు. ఆ పిల్ల చిన్న పుస్తకం తీసి నా దగ్గరికొచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. "అక్కా, మీరు చెప్పండి, నేను రాసుకుంటా" అంది.

నేను చెప్పేది రాసుకోవడానికి ఒకరు కలం పట్టుకుని కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. మూడు రోజులు చెప్పాను. థర్మామీటరులో ఇరవై తొమ్మిది చూసి ఫ్యాను వేస్తే ఆలస్యమైపోయినట్టేనని, ఇరవై ఏడున్నర దగ్గరే మొదలుపెట్టాలని చెప్పాను. పడమటి గాలి తోలితే తేమ అరగంటలో ఇరవై పడిపోతుందని, ఆ రోజు గొట్టాలు నిమిషం చొప్పున నాలుగుసార్లు వదలాలి గాని ఒకేసారి నాలుగు నిమిషాలు వదలకూడదని చెప్పాను. బోరు నీళ్ళు పోస్తే గిన్నెలో ఉప్పు తెల్లగా కట్టుకుంటుందని, వాన నీళ్ళే పట్టి ఉంచుకోవాలని, రాగి కలిసిన మందు కొట్టారంటే మొక్క చచ్చిపోతుందని చెప్పాను. అమ్మాయి మధ్యమధ్యలో తలెత్తి, ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారక్కా అంటుంటే నాకు నిలువెల్లా సంతోషం. నా దగ్గర ఇంత ఉందని నాకే తెలియదు. వెళ్ళేటప్పుడు నాతో ఫోటో దిగింది. రిపోర్టులో మీ పేరు రాస్తానక్కా అంది. రాసే ఉంటుంది, అబద్ధమాడే పిల్ల కాదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పకుండా ఉండలేకపోయాను. ఇంజనీరమ్మాయి మూడు రోజులు నన్ను అడిగి రాసుకుందండీ అన్నాను. మా ఆయన చెప్పులు విప్పుతూ, నిన్నా, నిన్నేం అడుగుతాది అని నవ్వాడు. అత్తయ్య పొయ్యి మీద పాలు చూడమంది. అప్పుడు కూడా నాకు బాధ అనిపించలేదు. పాలు దించుతూ, ఆ పిల్ల చివరి ప్రశ్నకి ఇంకా బాగా చెప్పి ఉండాల్సింది అనుకుంటున్నాను.

మార్చి రెండో వారంలో మిషను వచ్చింది. తెల్లటి పెట్టె, ఎర్ర అంకెలు. మొక్కల మధ్యలో, కుండీలు పెట్టిన బల్లల ఎత్తులో పెడదామని సుప్రియ అంది. భీమరాజు గారు ఒప్పుకోలేదు. పుణె నుంచి, బెంగళూరు నుంచి కొనేవాళ్ళు వచ్చినప్పుడు గుమ్మంలోకి రాగానే కనబడాలని తలుపు దగ్గర స్తంభానికి తగిలించారు. అందుకోసం నా పలక తీసేశారు. ఆ మర్నాడు పొద్దున నేను తలుపు దగ్గరికి వెళ్ళేసరికి భీమరాజు గారు అక్కడే ఉన్నారు.

"రేపట్నుంచి సంచుల దగ్గరికి వెళ్ళమ్మా. ఇక్కడ మనిషితో పన్లేదు, మిషను చూసుకుంటాది. నీకూ సుఖమే" అన్నారు.

నేను ఆయన్ని ఏనాడూ ఏమీ అడగలేదు. ఆ రోజు అడిగాను. "పొద్దున్నో గంటన్నా లోపల పని ఇవ్వండి. నాకు ఒంట్లో బాగుండట్లేదండి. ఎండకి ఆగలేను."

"ఏంటమ్మా బాగుండనిది?" అన్నారు. మగమనిషికి ఏమని చెప్పను? అలవాటైపోతాదిలే అని వెళ్ళిపోయారు.

సంచుల దగ్గరంటే ఆరుబయట. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి నల్ల ప్లాస్టిక్ సంచుల్లో నింపి వరసగా పేర్చాలి. పదిహేను మంది ఆడవాళ్ళం. తలకి తువ్వాలు, మగవాళ్ళ పాత చొక్కా, వంచిన నడుం. ఏప్రిల్లోనే నలభై దాటింది. బయట ఎండ, లోపలి నుంచి నా సెగ, రెండూ ఒకేసారి వచ్చినప్పుడు కళ్ళ ముందు సంచులు కనిపించేవి కావు. మేలో రెండుసార్లు పడిపోయాను. పక్కనున్న చిన్నమ్మాయి నా మొహాన నీళ్ళు కొట్టి నీడకి లాగింది. ఆవిడ పేరే చిన్నమ్మాయి, వయసులో నాకంటే పెద్దది. "ఇన్నాళ్ళూ ఏసీలో కూచున్నావు కదా, నీకు కష్టంగానే ఉంటాది" అంది. ఎత్తిపొడుపు కూడా కాదు. నిజమే మరి. పద్నాలుగేళ్ళపాటు వాళ్ళు ఈ ఎండలోనే ఉన్నారు. నేను ఆ ప్లాస్టిక్ గోడ వెనక చల్లగా నిలబడి, బయట వంగి కదులుతున్న ఆ తలపాగాల్ని చూసేదాన్ని. పాపం అని కూడా అనుకోలేదు. నా చోటు నాకుంది కదా అనుకున్నాను.

ఇంట్లో చెబితే మా ఆయన, అందరాడాళ్ళూ చెయ్యట్లేదా అన్నాడు. ఆ తర్వాత కొంచెం ఆలోచించి, "పిచ్చిదానివి. ఆ పిల్లకి అన్నీ ఎందుకు చెప్పావు? చేతిలో ఉన్నది ఎవరైనా ఇచ్చేస్తారా?" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆయన చెప్పింది నిజం కాబట్టి కాదు. అడిగితే ఇచ్చెయ్యడం తప్ప ఇంకేదీ నాకు నేర్పని ఇంట్లో కూర్చుని ఆయన ఆ మాట అన్నాడు కాబట్టి. కూలరుకి పోసే ఖాళీ బిందె నా చేతిలోనే ఉంది. వెళ్ళి నింపుకొచ్చాను.

జూన్ మూడో వారంలో, మబ్బు పట్టి ఉన్న ఒక మధ్యాహ్నం, భీమరాజు గారు నన్ను షెడ్డులోకి పిలిపించారు. మూడు నెలల తర్వాత ఆ తలుపు దాటాను. సుప్రియ కూడా ఉంది, మొహం వాడిపోయి ఉంది. స్తంభం మీద ఎర్ర అంకెలు ఇరవై ఏడు, డెబ్భై రెండు చూపిస్తున్నాయి. రెండూ సరిగ్గానే ఉన్నాయి. కానీ వెనక మూల, తడి పలకల పక్కనున్న ఐదు బల్లల మీద మొక్కలు నడుమలో నల్లబడి ఒరిగిపోయాయి. ఒకదాని మధ్య ఆకు పట్టుకుని మెల్లగా లాగాను. మొదలంటా ఊడి చేతిలోకి వచ్చింది. కుళ్ళిన వాసన.

"అంకెలన్నీ బాగానే ఉన్నాయక్కా, మీరు చెప్పినట్టే పెట్టాను. ఎందుకిలా అవుతుందో అర్థం కావట్లేదు" అంది సుప్రియ.

నాకు అర్థమైంది. పలకల్లోంచి వచ్చే గాలి నేరుగా ఫ్యాన్ల వైపే పోతుంది, ఆ మూల ఆడదు. పైనుంచి పడే తుంపర అక్కడి గిన్నెల్లో నిండిపోయి, కదలక, మురిగి, మొక్క గుండెని కుళ్ళబెడుతుంది. నేనున్నప్పుడు ఒక్క మొక్క కూడా ఇలా పోలేదు. ఎందుకు పోలేదు? అప్పుడు గుర్తొచ్చింది. రోజూ ఇంటికి వెళ్ళేముందు ఆ ఐదు బల్లల మీది కుండీలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, పక్కకి వంచి, గిన్నెలో నిలవ నీళ్ళు ఒంపేసేదాన్ని. బల్లకి అరవై కుండీలు, ఐదు బల్లలు. గంట పట్టేది. పద్నాలుగేళ్ళు రోజూ గంట. ఈ సంగతి ఆ పిల్లకి చెప్పలేదు. దాచుకుని కాదు. వంటయ్యాక పొయ్యి గట్టు తుడిచినట్టు, అందరూ తిన్నాక కంచాలు తీసినట్టు చేసేదాన్ని. అది పని అని నాకే తోచలేదు. మా ఆయనకి తెలియదని, భీమరాజు గారికి తెలియదని ఇన్నాళ్ళూ కుమిలిపోయాను గాని, నా పనిని లెక్కలోకి తీసుకోనివాళ్ళలో నేనూ ఉన్నాను.

చెప్పాలని గొంతుదాకా వచ్చింది. చెబితే ఏమవుతుందో కూడా ఎదురుగా కనబడింది. సుప్రియ రాసుకుంటుంది. ఆ మూల ఒక చిన్న ఫ్యాను, ఇంకో పెట్టె పెడుతుంది. మొక్కలు కోలుకుంటాయి. నేను సంచుల దగ్గరికి వెళ్తాను. చెప్పకపోతే మొక్కలు పోతాయి, వానలు పడ్డాక ముందు బల్లలకీ పాకుతుంది, భీమరాజు గారు విసుగెత్తి ఈ మొక్కలే మానేస్తారు. అప్పుడూ నేను సంచుల దగ్గరే. ఎటు చూసినా నాకు ఇక్కడ చోటు లేదు. చిన్న చిన్న పిలకలప్పట్నుంచి నా చేతుల్లో పెరిగిన మొక్కలు. వాటి తప్పేముంది? ఏమీ లేదు. నా తప్పూ ఏమీ లేదు.

సుప్రియ నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, బాగా గుర్తు చేసుకోండి. మీరు రోజూ ఇంకేమైనా చేసేవారా ఇక్కడ? చిన్న పనైనా సరే."

అంత సూటిగా, అంత సరిగ్గా నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. ఆ ప్రశ్న మా ఇంట్లో ఒక్కరు అడిగి ఉంటే ఏడ్చేసి ఉండేదాన్ని.

"ఏమీ లేదమ్మా" అన్నాను.

భీమరాజు గారు నిట్టూర్చారు. "నేను చెప్పలా మేడం? ఆవిడకేం తెలుస్తాది పాపం. ఏదో ఉన్నన్నాళ్ళూ అదృష్టం కలిసొచ్చింది" అన్నారు. సుప్రియ నా వైపు చూసింది, కాదని అంటానేమోనని. నేను తల ఊపాను, అవునని. ఆ పిల్ల నా చెయ్యి వదిలేసింది.

కుళ్ళినవన్నీ తీసి గోతిలో పారబొయ్యమని ఆ పని నాకే చెప్పారు. సాయంత్రందాకా గంపలతో మోశాను. లోపల ఇరవై ఏడు డిగ్రీలే ఉంది. మూడు నెలల్లో ఒంటికి హాయిగా ఉన్నది ఆ ఒక్క పూటే. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆరో బల్ల పక్కనుంచే నడవాలి. దాని మీద అరవై మొక్కలు ఇంకా పచ్చగానే ఉన్నాయి, గిన్నెల నిండా నీళ్ళు, కుళ్ళు పాకేది మొదట వీటికే. ఒకసారి నా చెయ్యి దానంతటదే ఒక కుండీ మీదికి వెళ్ళింది. వెనక్కి తీసుకుని కొంగులో చుట్టుకున్నాను. ఆఖరి గంప ఎత్తుకుని బయటికి వచ్చేశాను, ఒక్కటి కూడా వంచలేదు.